జ్ఞానరత్నం ఇచ్చిన నంబరు

జ్ఞానరత్నానికి ఒకచోట కాలు నిలవదని ఎస్తేరమ్మ పెళ్ళయిన మొదటి నెలలోనే కనిపెట్టింది. సగం అన్నంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన బయట వరండాలో పచార్లు చేసేవాడు. ఇరవై ఏళ్ళలో నాలుగు రైల్వే క్వార్టర్లు మారారు. అందులో మూడుసార్లు ఎవరూ మారమనలేదు, ఆయనే అర్జీ పెట్టుకున్నాడు. ఇంత నిలకడలేని మనిషి జీవితంలో చేసిన దూరప్రయాణం ఏమిటంటే ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నం, విశాఖపట్నం నుంచి మళ్ళీ ఖరగ్‌పూర్. చేతిలో పాసులుండి కూడా అంతే. వెళ్తే అంగారకుడి మీదికే వెళ్ళాలిగానీ మధ్యలో ఊళ్ళెందుకు అనేవాడు.

పదకొండేళ్ళు చిన్నచిన్న స్టేషన్లలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేసి, ఎనభై రెండులో ఖరగ్‌పూర్ కంట్రోల్ ఆఫీసుకి సెక్షన్ కంట్రోలరుగా వచ్చాడు. చెవులకు హెడ్‌ఫోను, ముందు బళ్ళ రాకపోకలు గీసే పెద్ద చార్టు, చేతిలో పెన్సిలు. ఒకే ఫోను లైను మీద ఇరవై స్టేషన్లుంటాయి. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. మధ్యాహ్నం బళ్ళు పలచబడిన వేళ ఆ లైను మీదే వాదనలు మొదలుపెట్టేవాడు. ఎనభై ఆరులో తోకచుక్క వచ్చినప్పుడు, అది భూమికి తగిలితే మనుషులు ఎక్కడికి పోవాలన్న విషయం మీద ఇరవైమంది స్టేషన్ మాస్టర్లూ వారంరోజులు కొట్టుకున్నారు. చివరికి పై అధికారి పిలిచి, కంట్రోల్ ఫోను బళ్ళ కోసమా గ్రహాల కోసమా అని అడిగాడు. ఆ లైను మీద వాదనలు ఆగిపోయాయి. వాదించాలన్న దురద మాత్రం పదమూడేళ్ళపాటు ఆయన్ని తింటూనే ఉంది.

తొంభై తొమ్మిది వేసవిలో దానికి మందు దొరికింది. రైల్వే స్కూల్లో సైన్సు చెప్పే అచ్యుతరావు ఖరిదా బజార్లో కనబడి, ఇందా అనే పేటలో ఒక బెంగాలీ దాదా ఇంటర్నెట్ దుకాణం పెట్టాడనీ, అందులో ప్రపంచంలోని పిచ్చివాళ్ళందరూ ఒకచోట కూర్చుని గ్రహాల గురించి పోట్లాడుకునే చర్చావేదిక ఉందనీ చెప్పాడు. ఎగతాళికే చెప్పాడు పాపం. జ్ఞానరత్నం కొన్న కూరల సంచీతోనే ఇందాకి సైకిలు తొక్కాడు. ఆరోజు ఎస్తేరమ్మ పచ్చడితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ వేదికలో ఇరవై పాతికమంది ఉండేవారు. ఆస్ట్రేలియాలో ఒక రిటైరైన ఇంజనీరు, అమెరికాలో ఒక కాలేజీ కుర్రాడు, మనుషులు వద్దు యంత్రాలే పోవాలనే జర్మనీ ఆవిడ. భూమి ఎప్పుడు పోతుంది, దేనివల్ల పోతుంది, పోయేలోపల ఎంతమందిని అంగారకుడి మీదికి చేర్చగలం అన్నదే వాళ్ళ లోకం. రాబోయే జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని కొందరు, ఉల్క పడుతుందని కొందరు. జ్ఞానరత్నం పదివేల మందితో ఒక జాబితా తయారుచేశాడు: ఇంజనీర్లు ఇందరు, డాక్టర్లు ఇందరు, వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇందరు. దానిమీద నెలరోజులు యుద్ధం నడిచింది. డ్యూటీ దిగిన వెంటనే ఇందాకి పోయేవాడు. ఒక్కో జవాబు వచ్చేలోపల దుకాణం గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఈయన తిరుగుడుకి మిగతావాళ్ళు కుదురుగా కూర్చోలేకపోతున్నారని దాదా మొత్తుకునేవాడు.

ఆ గోలలో జ్ఞానరత్నానికి ఒక్కటే నచ్చలేదు. ఎవరు పడితే వారు నోటికొచ్చింది రాసి, మర్నాడు కాదంటున్నారు. రైల్వేలో అలా కుదరదు. పక్క స్టేషను మాస్టరు బండి పంపమంటాడు. ఉత్తినే అంటే చాలదు, తన దగ్గరున్న కాయితంలోంచి ఒక ప్రైవేట్ నంబరు ఇవ్వాలి. లైను ఖాళీగా ఉంది, నా కళ్ళతో చూశాను, నా ఉద్యోగం పూచీ అని దాని అర్థం. అవతలివాడు ఆ నంబరు తిరిగి చదివి రాసుకుంటాడు. ఇచ్చినవాడు ఇక కాదనలేడు. ఈ పద్ధతిని జ్ఞానరత్నం వేదిక మీద పెట్టాడు. వాదన వాదనే, కానీ ఎవరైనా ఒక సంగతిని ఆధారం చూసి, పూచీపడి చెబితే చివర ప్రైవేట్ నంబరు వేయాలి. వేళాకోళానికి వేయకూడదు. ఆస్ట్రేలియా ఇంజనీరు తెగ ముచ్చటపడిపోయాడు. వారంలో అందరికీ అలవాటైంది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ లేనంత గొప్పగా జ్ఞానరత్నం ఛాతీ విరుచుకున్నాడు.

ఆ పద్ధతికి అర్థం అందరికంటే బాగా తెలిసినవాడు లూకా. ఇంగ్లీషులో వాదిస్తూ వాదిస్తూ ఒకరోజు కోపంలో 'ఓరి నాయనోయ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి దొరికిపోయాడు. ఒడిశా తీరంలో ఒక రేవు ఊళ్ళో రేవు ఆఫీసు గుమాస్తా. వాళ్ళది శ్రీకాకుళం వైపునుంచి ఎప్పుడో వలసపోయిన జాలరి కుటుంబం. తండ్రి మాత్రం రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి పోయాడు. అందుకే ప్రైవేట్ నంబరంటే లూకాకి తండ్రి మాటంత. ఇప్పటికీ జాలరి వీధిలోనే తల్లితో, భార్య రూతుతో, చంటిపిల్లతో ఉంటున్నాడు. ఇద్దరూ తెలుగువాళ్ళని తేలాక వాదన తగ్గుతుందనుకున్నారు మిగతావాళ్ళు, రెట్టింపయింది. తెలుగులో తిట్టుకున్నా కింద ఇంగ్లీషు పెట్టాల్సిందేనని వాళ్ళు పట్టుబట్టారు. భూమి మనిషిని ఉండనివ్వదు, ముందే కనిపెట్టి వెళ్ళిపోవాలని జ్ఞానరత్నం. సముద్రం ఒడ్డున వెయ్యేళ్ళుగా ఉన్నవాళ్ళం మేము ఎక్కడికీ పోలేదు, మీ యంత్రాలు కనిపెట్టేదేమీ లేదని లూకా. అందరిముందూ ఆ కుర్రవాడు చురకలు వేస్తుంటే జ్ఞానరత్నానికి అన్నం సయించేది కాదు.

అక్టోబరు పదిహేనున బంగాళాఖాతంలో వాయుగుండం లేచింది. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల్లో ఎక్కడైనా దాటవచ్చని రేడియో చెప్పింది. ఆఫీసులో టీ తాగుతూ ఎవరో, అది లూకా వాళ్ళ రేవుకే కొడుతుందట అన్నారు. ఎవరు చెప్పారని జ్ఞానరత్నం అడగలేదు. అడిగితే ఆ ముచ్చట కాస్తా పోతుందేమోనని భయం. అదే సాయంత్రం ఇందాలో కూర్చుని, ఎల్లుండి తుఫాను మీ రేవు మీదికే వస్తుంది, ఉపగ్రహం చూసింది, మీ వెయ్యేళ్ళ తెలివి చూడలేదు, లేచి పొండి అని రాశాడు. రాసి, చివర ప్రైవేట్ నంబరు అరవై ఏడు అని వేశాడు. వేసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ గెలుపు ఎదురుగా కనబడుతోంది. లూకా ఒక్క ఎదురుమాట అనలేదు. నంబరు తిరిగి రాసి, వెళ్తున్నామన్నాడు.

తుఫాను వందమైళ్ళు దక్షిణంగా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. లూకా వాళ్ళ రేవులో రెండురోజులు ఎండ కాసింది. రెండురోజులు స్కూలు వరండాలో పడుకుని ఇల్లు చేరామని లూకా పొడిగా రాశాడు. చివరి నిమిషంలో తిరిగిపోయిందని జ్ఞానరత్నం జవాబిచ్చాడు. అది నిజమేనని అందరూ నమ్మారు. చేతిలో హెచ్చరిక కాయితం లేకుండా నంబరు ఇచ్చాడన్న సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడికీ పదిరోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

అక్టోబరు ఇరవై ఎనిమిది గురువారం ఆయనకి రెస్టు. అయినా ఇంట్లో ఉండలేక ఆఫీసుకి పోయాడు. రెండో తుఫాను హెచ్చరిక వచ్చి ఉంది. మొదటిదానికి పదింతలు. ఈసారి జ్ఞానరత్నం కాయితం అడిగి తీసుకుని, తన కళ్ళతో రెండుసార్లు చదివాడు. పెన్సిలుతో పటం మీద గీత గీసి చూశాడు. గీత లూకా ఉన్న రేవుకి పోయింది. అక్కణ్ణుంచి ఇందాకి సైకిలు ఎలా తొక్కాడో ఆయనకే తెలియదు. ఒంటిగంటకి వేదిక మీద రాశాడు. రేపు పొద్దున్న వస్తుంది, కాయితం నా కళ్ళతో చూశాను, మూడూ పదికి మీ ఊరినుంచి కటక్ పోయే పాసింజరు ఎక్కండి. ప్రైవేట్ నంబరు పన్నెండు.

లూకా ఆఫీసులోనే ఉన్నాడు. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. నంబరు తిరిగి రాయలేదు.

"మేస్టారూ, హెచ్చరిక కాయితం మా ఆఫీసుకీ వచ్చింది. రెండువారాల కిందటా వచ్చింది. ఒక్కటే అడుగుతున్నాను. అరవై ఏడో నంబరు ఇచ్చినప్పుడు కూడా ఇలాగే కళ్ళతో చూసే ఇచ్చినారా? అది సెప్పండి. దాన్నిబట్టి నాను లేస్తాను."

జ్ఞానరత్నం ఆ ప్రశ్న ఎదురుగా కూర్చుండిపోయాడు. చూసే ఇచ్చానంటే, చూసి ఇచ్చింది కూడా తప్పిపోయినట్టు. అప్పుడు ఇవాళ్టిదీ తప్పుతుందని లూకా ఇంట్లోనే ఉండిపోతాడు. చూడకుండా ఇచ్చానంటేనే ఇవాళ్టి మాటకి విలువ. కానీ ఆ మాట ఆస్ట్రేలియా ఇంజనీరు చదువుతాడు, జర్మనీ ఆవిడ చదువుతుంది, పాతికమందీ చదువుతారు. లైను చూడకుండా నంబరిచ్చిన స్టేషన్ మాస్టరు కంటే నీచుడు రైల్వేలో లేడు. ఆ మాట వాళ్ళకి నేర్పినవాడు తనే.

రాశాడు, చెరిపాడు. వేరే విధంగా, కొంచెం మర్యాద మిగిలేలా రాశాడు, అదీ చెరిపాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. దాదా ఏమైందని అడిగితే మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. రెండయింది. రెండున్నర అయింది. ముప్ఫై ఏళ్ళు నిమిషాలతో బతికిన మనిషి. ఆ పాసింజరు ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడొస్తుందో, గార్డు ఎప్పుడు జెండా తీస్తాడో కళ్ళకి కట్టినట్టు తెలుసు. గోడ గడియారం మూడూ పది దాటుతుంటే చూస్తూ కూర్చున్నాడు. సిగ్గు మనిషిని అంతసేపు పట్టుకోగలదని ఆయనకి అంతకుముందు తెలియదు. మూడూ పాతికకి, బండి పోయిందన్న భయంతో రాశాడు.

"లేదు తమ్ముడూ. ఆరోజు నా సేతిలో కాయితం లేదు. నీ మీద గెలవాలని ఇచ్చినాను. అది దొంగ నంబరు. ఇయ్యాల్టిది నిజం. ఎలాగైనా బయటపడు."

జవాబు రాలేదు. దుకాణం మూసేదాకా రాలేదు.

మర్నాడు తుఫాను ఆ రేవు మీదుగానే వచ్చింది. కటక్ వైపు ఫోన్లు, రైల్వే లైన్లు అన్నీ తెగిపోయాయి. భద్రక్ అవతల ఏ స్టేషనూ పలకడం లేదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాల నిండా ఆగిపోయిన బళ్ళు, బళ్ళనిండా జనం. చర్చివాళ్ళతో కలిసి ఎస్తేరమ్మ వాళ్ళకి కిచిడీ వండింది. జ్ఞానరత్నం డ్యూటీ చేశాడు, దిగగానే ఇందాకి పోయాడు, ఖాళీ తెర చూసి వచ్చాడు. వేదిక మీద ఎవరూ ఆయన్ని తిట్టలేదు. నంబర్లు వేయడం మాత్రం అందరూ మానేశారు. ఆరోరోజున భార్యకి మొత్తం చెప్పేశాడు. గంట, ఎస్తేరూ, ఒక్క గంట ముందు రాసి ఉంటే అని తల పట్టుకున్నాడు.

"గంట సంగతి నాకు తెలవదు. ఆ మొదటి నంబరు ఎందుకిచ్చినారు?" అంది ఎస్తేరమ్మ.

నవంబరు రెండోవారంలో ఒక మధ్యాహ్నం క్వార్టరు గుమ్మంలో ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. ఎవరో దానమిచ్చిన వదులు చొక్కా. తాను లూకానని, కంట్రోల్ ఆఫీసులో అడిగి వచ్చానని చెప్పాడు. జ్ఞానరత్నం ఆ మనిషిని భుజాలు పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, కూర్చోబెట్టకుండానే మిగతావాళ్ళేరని అడిగాడు. తల్లీ, రూతూ, పిల్లా ముగ్గురూ కటక్‌లో ఒక చర్చి స్కూల్లో ఉన్నారట. మూడూ పది బండి ఆరోజు నలభై నిమిషాలు లేటట. ఆఫీసు నుంచి వీధికి, వీధి నుంచి స్టేషనుకి పరుగెత్తి అందుకున్నారట. జ్ఞానరత్నం తువాలులో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆలస్యాలను రాయడమే పనిగా బతికినవాడు, ఒక ఆలస్యానికి దేవుడికి దండం పెట్టాడు.

ఎస్తేరమ్మ అన్నం పెట్టింది. లూకా కలిపాడుగానీ నోట్లో పెట్టుకోలేదు. పదిహేనో తారీఖున తన ఇంటివాళ్ళతో మాత్రమే స్కూలుకి పోలేదని, అప్పుడు రాయలేదుగానీ, వీధిలో పదకొండిళ్ళవాళ్ళనీ తనే బతిమాలి తీసుకెళ్ళాడని చెప్పాడు. ఇది మా నాన్న చేసిన రైల్వేలో ఇచ్చే నంబరు, అబద్ధం కాదని ఒట్టేసి తీసుకెళ్ళాడు. రెండురోజులు చేపల వేట మానుకుని ఎండలో కూర్చున్నారు వాళ్ళు. ఇరవై ఎనిమిదిన మళ్ళీ గుమ్మం గుమ్మానికీ పరుగెత్తితే, నీ కంప్యూటరు మేస్టారు మళ్ళీ కలగన్నాడా అని నవ్వారు. ఒక్కరూ రాలేదు.

ఎంతమంది మిగిలారని జ్ఞానరత్నం అడిగాడు. నాలుగిళ్ళవాళ్ళు, వాళ్ళూ పూర్తిగా కాదు అన్నాడు లూకా.

"ఆ మిగిలినోళ్ళు నా మొకం సూడ్డం లేదు మేస్టారూ. లూకా, మొదట అబద్ధమాడింది నువ్వే, అందుకే మావోళ్ళు పోయినారంటన్నారు. మీ సంగతి సెప్పినాను. కంప్యూటర్లో మనిషంటే ఎవులు నమ్ముతారు? మీరొచ్చి వాళ్ళెదురుగా సెప్పాల. నాను అందుకే వొచ్చినాను."

పాతికమంది తెర వెనక మనుషులకి చెప్పడానికే రెండుగంటలు పట్టింది జ్ఞానరత్నానికి. ఈసారి అంతసేపు తీసుకోలేదు. లేచి చొక్కా వేసుకున్నాడు. వెళ్ళొద్దని ఎస్తేరమ్మ అనలేదు. సంచీలో బట్టలతోబాటు చర్చివాళ్ళు ఇచ్చిన దుప్పట్లు కుక్కింది.

లైను అప్పటికి నడుస్తోంది. మర్నాడు పదకొండు గంటలకి ఆ వీధి చేరారు. వీధి అనడానికి ఇసుకలో పాతిన గుంజలు, వాటిమీద వేసిన నీలం ప్లాస్టిక్ పట్టాలు. పదిమంది దాకా వచ్చి కూర్చున్నారు. లూకా ఆయన్ని చూపించి పక్కకి తప్పుకున్నాడు.

జ్ఞానరత్నం చెప్పాడు. నంబరు తనే ఇచ్చానన్నాడు, ఏమీ చూడకుండా, వాదనలో గెలవడానికి ఇచ్చానన్నాడు, లూకా నమ్మి మోసపోయాడన్నాడు, అతన్ని ఏమీ అనవద్దన్నాడు. చేతులు జోడించి నిలబడ్డాడు. కొడతారనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎవరూ లేవలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ, కొడుకునీ కోడలినీ పోగొట్టుకున్నదట, అంతసేపూ ఆయన మొహమే చూస్తోంది.

ఏ పందెం గెలవడానికి ఆ మాట చెప్పావని అడిగింది.

అబద్ధం చెప్పడానికి ఇక ఆయనలో ఏమీ మిగల్లేదు. ఈ భూమి మీద మనుషులు ఉండలేరు, ముందే లేచి ఇంకో గ్రహం మీదికి పోవాలని వాదించానని చెప్పాడు. గ్రహమంటే ఏమిటని ఆవిడ పక్కవాళ్ళని అడిగింది. ఆకాశంలో చుక్క అని ఎవరో చెప్పారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అయితే బాబూ, ఆ సుక్క మీదికి ఎవుల్ని తీసికెళ్దావనుకున్నావు?"

పదివేల మంది జాబితా జ్ఞానరత్నానికి కంఠతా వచ్చు. ఇంజనీర్లు ఎందరో, డాక్టర్లు ఎందరో, ఎవరు ఏ బండిలో పోవాలో నెలరోజులు లెక్కలు వేశాడు.

"మీరెవులూ ఆ లెక్కలో లేరమ్మా" అన్నాడు.